కాగితం మీద గుడ్డు

నా భార్యను నా చెల్లెలు నింపిన కాగితం చంపింది. ఇందులో వాదన లేదు. ఆసుపత్రివాళ్ళు న్యుమోనియా అని రాశారు. దానికి ముందు తుంటి ఎముక విరిగిందని రాశారు. దానికి ముందు ఏం జరిగిందో రాయడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్ళుగా కొట్లకూ గోదాములకూ ఫ్యాక్టరీలకూ తిరిగి కాటాలు సరిచేస్తున్నాను, తూకం సరేనని సీలు వేస్తున్నాను. ఇంకో విద్య రాదు. తప్పుడు తూకం మీద నాకు జాలి లేదు. అది తెలిసి చేసినా ఒకటే, తెలియక చేసినా ఒకటే. సరుకు తక్కువ వచ్చినవాడికి రెండింటికీ తేడా ఏముంది?

నా భార్య బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేది. దుమ్మూ ఈగలూ రాకూడదని ఆ హాలు కిటికీలకు రేకులు బిగించారు. ట్యూబులైట్ల కింద నలభై ఒక్కమంది ఆడవాళ్ళు. పొద్దున ఏడింటికి లోపలికి, సాయంత్రం ఆరింటికి బయటికి. మధ్యలో అరగంట తిండి, అది కూడా పక్క గదిలోనే. పద్దెనిమిదేళ్ళు అలా చేసింది. సెలవురోజు ఎండలోకి వచ్చేది, బట్టలు ఆరేసేంతసేపు.

చివరి మూడేళ్ళు నడుము నొప్పి అనేది, తొడలు లాగుతున్నాయనేది. "అలసటలే" అని తనే మళ్ళీ అనేది. నేను నమ్మాను. నమ్మడం సుఖం.

ఆ రోజుల్లోనే నా చెల్లెలు ఆరోగ్య శాఖ తరఫున ఫారాల కట్ట పట్టుకుని వచ్చింది. అది నర్సు. ఎండ తగలని చోట్ల పనిచేసే ఆడవాళ్ళకు విటమిన్ డి తిండిలోంచి ఎంత అందుతోందో లెక్క తియ్యాలట. ఆ హాలులో ఉన్న నలభై ఒక్కమందినీ అడగాలి. తిండిలో తక్కువ పడుతోందని తేలితే ఫ్యాక్టరీయే రోజూ పాలూ గుడ్డూ పెట్టాలి, రక్తపరీక్షలు చేయించాలి. మొదటి ఫారం మా ఇంట్లోనే మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఒక కాటా స్ప్రింగు మారుస్తున్నాను.

"వదినా, నిన్న గుడ్డు తిన్నావా?"

"తిన్నాను."

"ఎన్ని?"

"ఒకటి. రోజూ ఒకటి. పెట్టిన కోడి పేరు కూడా రాసుకుంటావా ఏంటి?"

"చేప?"

"వారానికి రెండుసార్లు."

"పాలు? ప్యాకెట్ పాలేగా, విటమిన్ కలిపినవి?"

"అవే. రోజూ గ్లాసుడు."

"అబ్బో, రాణీగారి భోగం. మా ఇంట్లో నాకే దిక్కులేదు."

"నువ్వు కాగితాలు తిని బతికేదానివి. నీకు పాలెందుకే?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నెల తిరిగేసరికి హాజరు యంత్రం పక్కన ఒక నోటీసు అంటించారు. ఈ హాలులోని స్త్రీలకు ఆహారం ద్వారా విటమిన్ డి చాలినంత అందుతోంది. అంతే, ఒక్క వాక్యం. కింద ముద్ర. గుడ్డు రాలేదు, పాలు రాలేదు, రక్తపరీక్ష రాలేదు. నా భార్య నొప్పని ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఆ నోటీసు సంగతి చెప్పి, రాసుకోవడానికి మందు గొట్టం ఇచ్చి పంపించాడు.

మరుసటి ఏడు ఒక సాయంత్రం ఆమె బస్సు దిగింది. కాలు జారలేదు. ఎవరూ తోయలేదు. రోజూ దిగే మెట్టే. కాలు నేలకు ఆనగానే తుంటి విరిగింది. ఎముకల డాక్టరు ఫోటో చూసి, రక్తం పరీక్ష చేయించి నన్ను లోపలికి పిలిచాడు.

"ఒంట్లో విటమిన్ డి అడుగంటింది. ఎముకలో బలం లేదు. ఈమె తిండి ఏంటి?"

"అన్నీ తింటుంది. రోజూ గుడ్డు. చేప. పాలు."

ఆయన నా మొహం కాసేపు చూశాడు. మూడు నెలలు మంచాన ఉంది. తర్వాత లేదు. యాభై ఒక్కేళ్ళు.

చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. "నా గుమ్మం తొక్కకు" అన్నాను. రెండేళ్ళు తొక్కలేదు.

ఇంట్లో మిగిలింది నేను, నా కొడుకు, కోడలు. కొడుకు కరెంటు పని చేస్తాడు. కోడల్ని ఆ హాలులో పనికి పెట్టింది నా భార్యే. అత్తాకోడళ్ళు ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. ఆ ఇద్దరికీ పడేది. అది అందరి ఇళ్ళలో ఉండదు.

మాది మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు. ఒక సాయంత్రం నేను కాటా మోసుకుని కోడలి వెనక ఎక్కుతున్నాను. రెండో అంతస్తు దగ్గర ఆగింది. కుడిచెయ్యి తొడ మీద పెట్టి, నొక్కి, ఒళ్ళు పైకి లేపుకుంది. తర్వాతి మెట్టుకు మళ్ళీ అంతే. ఆ చెయ్యి పెట్టడం నాకు తెలుసు. అది మూడేళ్ళు చూశాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏంటి మామయ్యా?"

"ఆ చెయ్యి."

"ఓ, ఇదా? నిలబడి నిలబడి అలసటలెండి. డాక్టరుగారు రాసుకోమని మందిచ్చారు. మన హాలు వాళ్ళ తిండి బాగానే ఉందని నోటీసు ఉందిగా."

ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. నేను కాటాను మెట్టు మీద దించేశాను. ఒక ఆడమనిషిని మా ఇంట్లోంచి మోసుకెళ్ళారు. రెండో మనిషిని మోసుకెళ్ళనివ్వను అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసిందంతా అందుకోసమే. లోకం మంచికోసం అని ఎవరైనా అంటే నమ్మకండి.

పెద్దాసుపత్రికి వెళ్దాం పద అన్నాను. సెలవు దొరకదంది. "పైగా వచ్చే వారం పిన్నిగారు మళ్ళీ ఫారాలు నింపడానికి వస్తారట. ఈసారి ఇళ్ళకొచ్చి అడుగుతారట. మీకు చెప్పాలా వద్దా అని..."

పిన్నిగారంటే నా చెల్లెలే.

"రానీ" అన్నాను.

వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. జుట్టు నెరిసింది. కోడలు కుర్చీ వేసింది. నేను అదే కిటికీ దగ్గర ఒక చిల్లర కొట్టు కాటా విప్పుకుని కూర్చున్నాను.

"గుడ్డు?"

"రోజూ ఒకటి పిన్నిగారూ."

"చేప?"

"వారానికి రెండుసార్లు."

"పాలు?"

"గ్లాసు."

అవే మాటలు. అదే వరస. నా చేతిలో స్క్రూడ్రైవరు జారి బొటనవేలు కోసుకుంది.

"ఆపు" అన్నాను.

రెండేళ్ళలో దానితో అన్న మొదటి మాట అది. చెల్లెలు కలం ఎత్తి నన్ను చూసింది.

"రాసింది కొట్టెయ్."

"అమ్మాయి చెప్పిందే రాశాను అన్నయ్యా."

"చెప్పింది తప్పు."

"నేను అబద్ధం చెప్పలేదు మామయ్యా!" అంది కోడలు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే నాకు అర్థం కాలేదు.

"అమ్మాయి నోట్లో కూర్చుని చూశావా నువ్వు?" అంది చెల్లెలు. దానికీ కోపం ఉంది. రెండేళ్ళది.

"ఆదివారం మధ్యాహ్నం భోజనం వేళకి రా. కాటా పెడతాను. ఎవరి కంచంలో ఏం పడుతుందో తూచి రాసుకో. కాగితాన్ని కాదు, కంచాన్ని నమ్ము."

"వస్తాను. పెట్టుకో నీ కాటా."

ఆదివారం వచ్చింది. బల్ల మీద గ్రాముల కాటా పెట్టాను. నాలుగు కంచాలూ ఖాళీగా తూచి, కింద పలక మీద రాశాను. ఖాళీ పాత్ర తూచకుండా నిండుది తూచేవాడు మేస్త్రి కాదు.

"నాన్నా, నన్నూ తూచి సీలు వేస్తావా? సీలు పడితే సరుకులా బయటికి పంపేస్తావా ఏంటి?" అన్నాడు కొడుకు.

"నీకు సీలు వెయ్యడానికి ఆ కాటా చాలదురా" అంది చెల్లెలు.

"అత్తా, వచ్చీ రాగానే మొదలెట్టావా?"

నేను నవ్వలేదు. నేను కోడలి చేతులు చూస్తున్నాను. మా పనిలో ఒక మాట ఉంది. తూకంలో మోసం ముల్లు దగ్గర ఉండదు, చేతి దగ్గర ఉంటుంది. ముల్లు పాపం ఉన్నదే చెబుతుంది.

ఆమె అందరికీ అన్నం పెట్టింది. చేప ముక్కలు వేసింది. నడిమి ముక్కలు రెండు నాకు, రెండు భర్తకు, ఒకటి చెల్లెలికి. తన కంచంలో తోక, పులుసు. ఉడికించిన గుడ్లు నాలుగు. నాకొకటి, వాడికొకటి, చెల్లెలికొకటి, తనకొకటి. నాలుగోది తన కోసం ఒలుచుకుంది. బొటనవేలితో నడిమికి చీల్చింది. మాట్లాడుతూనే, ఆ వైపు చూడకుండానే, పచ్చసొన తీసి నా కంచంలో వేసింది. తెల్లసొన తన కంచంలో పెట్టుకుంది.

రోజూ జరిగేదే కాబట్టి కోడలికి కనబడలేదు. నా కొడుక్కీ కనబడలేదు. నా కంచంలో రెండు పచ్చసొనలు.

"అది ఎందుకు వేశావమ్మా?" అన్నాను.

"ఏది మామయ్యా?"

"సొన."

ఆమె నా కంచం చూసింది, తన కంచం చూసింది. నిజంగానే అప్పుడే చూసినట్టు చూసింది. "అత్తయ్య చెప్పారు కదండీ. మామయ్యకి రెండు సొనలు లేకపోతే ముద్ద దిగదు అని. ఆవిడ అలాగే వేసేవారు. ఆవిడ పోయాక నేను..."

"మరి గుడ్డు తిన్నానన్నావు?"

"తింటున్నాను కదా! తెల్లది గుడ్డు కాదా మామయ్యా?"

గుడ్డులో విటమిన్ డి ఉండేది సొనలోనే. తెల్లదాంట్లో లేదు. అది నా చెల్లెలి ఫారం వెనకే అచ్చయి ఉంది.

కాటా మీద పెట్టాను. నా కంచంలో సొన ముప్పై నాలుగు గ్రాములు. ఆమె కంచంలో సున్నా. నా చేప నూట నలభై. ఆమెది ముప్పై, అందులో సగం ముళ్ళు. పాలగ్లాసు ఎక్కడని అడిగాను. పొయ్యి దగ్గర చూపించింది. ఆమె వంతు గ్లాసు మా ముగ్గురి టీలోకి వెళ్ళింది. గిన్నె కడిగే ముందు అడుగున ఎంత మిగిలితే అది ఆమెది. అయినా ఆమె పేరున కొన్నది కనుక ఆమె తాగినట్టే లెక్క. ఇంట్లో లెక్క అలాగే నడుస్తోంది.

చెల్లెలు కలం కింద పెట్టింది. "అన్నయ్యా" అంది మెల్లగా. "వదిన కూడా ఇలాగే...?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కంచాన్ని కప్పింది.

"ఇరవై ఏడేళ్ళు" అంది. ఇప్పుడు దాని గొంతు మెల్లగా లేదు. "ఇరవై ఏడేళ్ళు రోజూ రెండు సొనలు తిన్నావు. నీ ఒక్కడి గుడ్డులో రెండుంటాయనుకున్నావా? లోకంలో కాటాలన్నీ సరిచేస్తావు. నేను కాగితం నింపాను, నిజమే. కంచం నింపుకున్నది నువ్వు."

"అవును" అన్నాను.

చెల్లెలు ఆ జవాబు అనుకోలేదు.

"నా తప్పు తేలితే నీ తప్పు పోదు. గుడ్డు తిన్నావా అని అడిగావు. సొన ఎవరు తిన్నారని అడగలేదు. నర్సువి, నీకు తెలుసు. నాకు తెలియదు. కానీ నేను తిన్నాను. ఇద్దరం ఉన్నాం ఇందులో. ముందు ఈ పిల్ల సంగతి చూడు."

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడింది. తుడుచుకుంటూ కూర్చునే వ్యవధి లేదు.

నా కంచంలో సొనలు రెండూ ఆమె ముందు పెట్టాను. తినలేదు. "నాకు సహించదు మామయ్యా, అలవాటు తప్పింది" అంది. నేను కంచం పక్కకు నెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. కొడుకు కూడా నెట్టాడు. చెల్లెలు కూడా. ముగ్గురు ఆకలిగా చూస్తుంటే ఏ కోడలు ఎంతసేపు భరిస్తుంది? మంచినీళ్ళతో మింగింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం. గుడ్డు ఎవరిది వాళ్ళే ఒలుచుకోవాలి, ఇంకొకరి కంచం మీదుగా చెయ్యి పోకూడదు. ఆమె తిన్నాకే నేను ముద్ద ముడతాను. మొదటి వారం మూడుసార్లు అలవాటుగా సొన నా కంచంలో వేసింది. మూడుసార్లూ వెనక్కి వేశాను.

సోమవారం ఆమె చేత సెలవు పెట్టించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. విటమిన్ డి ఉండవలసినదాంట్లో మూడో వంతు కూడా లేదు రక్తంలో. డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. "ఇంత లోటు ఒక్క తిండితో పూడదు. మందు వాడాలి. మందు ఆపాక నిలబెట్టేది తిండి, ఎండ. రెండూ వదలకండి."

ఆమెకు మందు దొరికింది. కానీ ఆమె రోజూ వెళ్ళేది ఆ హాలుకే, తినేది ఆ గదిలోనే. నోటీసు గోడ మీద ఉన్నంతకాలం ఎండలోకి వదలరు, పాలు పెట్టరు. ఆ నోటీసు దిగాలి. చెల్లెలు తన పైవాళ్ళను అడిగింది. పాత ఫారాలు కొట్టెయ్యాలంటే కొత్త ఆధారం చూపించమన్నారు.

నెలకోసారి ఆ హాలు కాటాలకు సీలు వేసేది నేనే. నా సీలు లేకపోతే బిస్కెట్ల డబ్బా గేటు దాటదు. ఆ నెల గ్రాముల కాటా కూడా సంచిలో పెట్టుకుని చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తిండి గదిలో బల్ల మీద కాటా పెట్టాను. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేంటి మేస్త్రీ? హాలనుకున్నావా, సంతనుకున్నావా?"

"మూడు రోజులు ఈ అరగంట నాకివ్వండి. నాలుగో రోజు సీలు."

"ఇవ్వకపోతే?"

"నా ముద్ర ఇంట్లో మర్చిపోయాను. వెతకాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను."

నాకేసి పళ్ళు నూరి వెళ్ళిపోయాడు. బెదిరింపే. నేను కాదనను.

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "తూకం బాబాయ్, మమ్మల్నీ తూస్తావా?" "దాన్ని ముందెక్కించు బాబాయ్, నీ కాటా అక్కడితో సరి!" "నువ్వెక్కితే కాటా మిగులుతుందా పాపం!"

"మిమ్మల్ని కాదు. మీ తిండి డబ్బాలు తెరవండి" అన్నాను.

నలభై ఒక్క డబ్బాలు తెరిచారు. ఇరవై ఆరింటిలో గుడ్డుంది. వాటిలో పదిహేడింటిలో తెల్లది మాత్రమే ఉంది. చెల్లెలు ఈసారి వేరేలా అడిగింది. గుడ్డు తిన్నావా అని అడగలేదు. సొన ఎక్కడికి పోయింది అని అడిగింది.

"మా చిన్నోడికి."

"మా ఆయనకి. బరువులెత్తే పని కదా."

"మా అత్తగారికి. పళ్ళు లేవు, మెత్తగా ఉంటుందని."

"మా పిల్లికి" అంది ఒకామె. "నవ్వకండే! దాని ఎముకలు ఉక్కు. నిన్న గోడమీంచి దూకింది. నేను మంచం మీంచి దిగలేకపోతున్నాను."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి ఒక్కొక్కరే ఆగిపోయారు. నలభై ఒక్కమందిలో పన్నెండుమంది తొడ మీద చెయ్యి పెట్టి లేస్తున్నారని ఆ మూడు రోజుల్లో లెక్కపెట్టాను. ఆ గదిలో బెంచీలు చాలా పొట్టివి.

మూడు రోజుల తూకాలూ చెల్లెలు కాగితాలకు జతచేసింది. పైన తన సంతకం పెట్టింది. దాని కింద ఇంకో వాక్యం రాసింది: "గతంలో నేను నింపిన ఫారాలు తప్పు." అలా రాయమని నేను చెప్పలేదు. చెల్లెలికి పైనుంచి మెమో వచ్చింది. ఒక జీతం పెంపు ఆగింది. నేను ఓదార్చలేదు.

నలభై రోజులకు నలభై ఒక్కమందికీ రక్తపరీక్షలు చేశారు. ముప్పై నలుగురికి లోటు తేలింది. నోటీసు తీసేశారు. ఫ్యాక్టరీలో ఇప్పుడు మధ్యాహ్నం గుడ్డు, విటమిన్ పాలు అక్కడే ఇస్తారు, అక్కడే తినాలి. ఇంటికి తీసుకెళ్ళడం కుదరదు. ఆ షరతు నేను పెట్టించాను. కొంతమంది నన్ను తిట్టారు, పిల్లల నోటి ముందు తీసేశానని. తిట్టనీ. తిండయ్యాక పావుగంట పెరట్లో ఎండలో కూర్చుంటారు. సూపర్‌వైజరు గడియారం చూస్తూ నిలబడతాడు.

నాలుగు నెలలకు కోడలు యాభై నాలుగు మెట్లూ ఆగకుండా ఎక్కింది. రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. నేను కింద నిలబడి చూశాను.

మొన్న చెల్లెలు వచ్చింది. ఇప్పుడు లోపలికి వస్తుంది, టీ తాగుతుంది.

"ఇంకో మూడు ఫ్యాక్టరీల్లో ఈ పని పెట్టారు అన్నయ్యా. ముందు ఆడవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. నువ్వొచ్చి చెప్పు. నేను చెబితే కాగితం చదివినట్టుంటుంది. నువ్వు చెబితే గుచ్చుకుంటుంది."

"నువ్వే చెప్పు."

"నీ సంగతి చెప్పొచ్చా?"

"చెప్పు. మా అన్న తిన్నాడని చెప్పు. ఎన్నేళ్ళో కూడా చెప్పు. నా పరువు చూసి తగ్గించకు."

"నువ్వు రావా?"

"రాను."

"వదిన ఉంటే..."

"లేదు కదా."

అది లేచి వెళ్ళింది. దాన్ని నేను క్షమించలేదు. టీ ఇవ్వడం వేరు, క్షమించడం వేరు. నా భార్యనూ క్షమించలేదు. తిన్నాను అని నవ్వుతూ చెప్పింది. ఆకలేస్తోందని, నొప్పిగా ఉందని, నాకూ కావాలని ఒక్కసారి అనవలసింది. నేను ఇచ్చేవాణ్ణా? ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, ఎవరికీ చెప్పను.

ఇది రాసింది నా కోడలి చేతులు చూశాను కాబట్టి. చదివినవాళ్ళు మీ ఇంట్లో చేతులు చూసుకోండి. నన్ను అడగడానికి రాకండి. కొడుకు ఈ మాట ఎత్తినా, కోడలు ఎత్తినా, చెల్లెలు ఏడ్చినా నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. ఈ సంగతి ఇంక నా నోట రాదు.